బండిపట్టా మీది పేరు

“కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే” యని తెలుగునాట పెద్దలు చెప్పుకొనెడివారు. రైలు లేని దినములలో దూరప్రయాణ మెంత ప్రాణాపాయకరమై యుండెనో ఈ యొక్క సామెతయే చాటుచున్నది. 1830 మే మాసమున చెన్నపట్టణమునుండి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర ముగించుకొని యిల్లు చేరుటకు 15 నెలలకు పైగా పట్టినది. ఆయన వెంట పెద్ద పరివారముండెను. అన్నిటికంటె ముఖ్యముగా, తిరిగి వచ్చుటకు ఆయన కొక ఇల్లుండెను.

ఆ యాత్ర ముగిసిన పదేండ్లకు, భూగోళమున కావలి ప్రక్కన, అమెరికా దేశమున మరియొక విధమైన ప్రయాణము మొదలయ్యెను. అది తీర్థయాత్ర కాదు, వలస. ఉన్న ఇంటిని, పొలమును అమ్ముకొని, ఆ సొమ్ముతో బండిని, ఎడ్లను కొని, ఆలుబిడ్డలతో కదలి, ఎన్నడును కంటితో చూడని నేలకు శాశ్వతముగా తరలిపోవుట. 1840 మొదలు 1869 వరకు ఇట్లు బండ్లమీద పడమటికి పోయినవారు మూడు లక్షలనుండి నాలుగు లక్షల వరకు ఉందురని చరిత్రకారుల అంచనా. గమ్యము చేరినవారు ఊళ్ళు కట్టిరి, పొలములు దున్నిరి. వారి పేర్లు పుస్తకముల కెక్కినవి. చేరనివారు దారిప్రక్కన మన్నులో కలిసిపోయిరి. అట్లు చేరనివారిలో ఒక స్త్రీ పేరు మాత్రము ఒక బండిచక్రపు ఇనుప పట్టామీద నేటికిని నిలిచియున్నది. ఆమె రెబెకా వింటర్స్. నెబ్రాస్కా రాష్ట్రపు పడమటి భాగమున, స్కాట్స్‌బ్లఫ్ అను పట్టణమునకు సమీపమున, రైలుదారి కనతిదూరములో ఆమె సమాధి కలదు. ఆ సమాధి యెట్లు మిగిలినదో తెలిసికొనవలెనన్న ముందుగా ఆ దారిని తెలిసికొనవలెను.

బండిబాట

మిస్సోరీ నదీతీరమున ఇండిపెండెన్స్, సెయింట్ జోసెఫ్, కౌన్సిల్ బ్లఫ్స్ మొదలగు ఊళ్ళ వద్ద వలసవారు గుమిగూడెడివారు. నది దాటినచో తెల్లవారి గ్రామములు ముగిసినట్లే. అక్కడనుండి ప్లాట్ నది వెంబడి వందలకొలది మైళ్ళు చెట్టులేని గడ్డిమైదానముల మీదుగా పోయి, రాకీ పర్వతములను సౌత్ పాస్ అను కనుమవద్ద దాటవలెను. అటుపై దారులు చీలును. ఒకటి ఆరెగాన్ పంటభూములకు, ఒకటి కాలిఫోర్నియాకు, మరియొకటి ఉప్పు సరస్సు ప్రక్కనున్న లోయకు. ఆరెగాన్‌కు మొత్తము 2,000 మైళ్ళ దూరము. కన్యాకుమారినుండి కాశ్మీరమున కుత్తరపు సరిహద్దువరకు భారతదేశపు నిలువు పొడవు దాదాపు అంతే. ఆ దూరమంతయు ఎద్దు నడకతో, దినమునకు పండ్రెండు పదునైదు మైళ్ళ చొప్పున, నాలుగు నుండి ఆరు నెలలు నడువవలసియుండెను.

ఇంత కష్టమునకు వారేల ఒడిగట్టిరి? కారణములు పలువిధములు. 1837లో అమెరికాలో బ్యాంకులు కూలి, పంటల ధరలు పడిపోయి, రైతులు అప్పులలో మునిగిరి. మిసిసిపీ లోయలో చలిజ్వరము ఏటేట ఇండ్లను పట్టి పీడించుచుండెను. ఆరెగాన్‌లో సారవంతమైన నేల అడిగినవారికి దొరకునని వార్త వచ్చెను. 1848 జనవరిలో కాలిఫోర్నియాలోని యొక ఏటికాలువలో బంగారము కనబడెను. ఇక మార్మనులు అనబడు క్రైస్తవ శాఖవారి సంగతి వేరు. వారు ఇరుగుపొరుగువారి ద్వేషమునకు గురియై ఊరినుండి ఊరికి తరుమబడుచుండిరి. 1844లో ఇల్లినాయి రాష్ట్రమున వారి గురువు జోసెఫ్ స్మిత్‌ను జైలులోనే అల్లరిమూక చంపెను. 1846లో వారు నావూ అను తమ పట్టణమును విడిచి వెడలిరి. 1847 జూలైలో బ్రిగం యంగ్ నాయకత్వమున మొదటి జట్టు ఉప్పు సరస్సు లోయను చేరినది. అది మొదలు ఆ మతమువారు ఏటేట ఆ దారిన పోవుచుండిరి.

వారి బండి తెలుగు రైతు గూడుబండికి దూరపు చుట్టము. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల కొయ్యతొట్టి; దానిపై వంచిన కొయ్యబద్దలు; వానిపై నూనె పట్టించిన గుడ్డకప్పు. నాలుగు చక్రములు. రెండుమూడు జతల ఎడ్లు. ఇరుసున వ్రేలాడు కందెన కుండ. 1845లో అచ్చయిన యొక దారిపుస్తకము పెద్దవారొక్కొక్కరికి 200 పౌనుల పిండి, 150 పౌనుల ఉప్పుపట్టిన పందిమాంసము, 10 పౌనుల కాఫీ, 20 పౌనుల చక్కెర, 10 పౌనుల ఉప్పు కావలెనని చెప్పినది. ఇంత సామాను పెట్టిన తరువాత బండిలో కూర్చుండుటకు చోటెక్కడిది? ముసలివారు, రోగులు, పసిబిడ్డలు తప్ప తక్కిన వారందరు బండి ప్రక్కన కాలినడకనే పోయిరి. గర్భిణులు సైతము నడచిరి. దారిలో ఎడ్లు డస్సినపుడు మొదట బీరువాలు, తరువాత మంచములు, చివరకు పిండిమూటలు కూడ దారిప్రక్కన పారవేసి బరువు తగ్గించుకొనిరి.

ఆ మైదానములలో వంటచెరకు లేదు. అడవిదున్నల ఎండిన పేడను స్త్రీలు, పిల్లలు గోనెలలో ఏరుకొనివచ్చి పొయ్యిలో పెట్టెడివారు. పిడకల పొగలో వండుకొనుట తెలుగు ఇల్లాండ్రకు వింత కాదు. కాని తూర్పు రాష్ట్రముల పట్టణములలో పెరిగిన ఆ స్త్రీలకు మొదట అది రోతగా నుండెను. పది దినములకు రోత పోయెను.

పొడిగాలికి చక్రపు పూటీలెండి కుంచించుకొని, వాని చుట్టు కమ్మరి కాల్చి తొడిగిన ఇనుప పట్టా వదులై ఊడిపోయెడిది. రాత్రివేళ చక్రములను నీటిలో నానబెట్టియు, సందులలో కొయ్యచీలలు దిగగొట్టియు బిగించుకొనెడివారు. అప్పటికిని నిలువని బండిని అక్కడనే విడిచి ముందుకు సాగెడివారు. అందుచేత ఆ దారి పొడవున విరిగిన కొయ్యలు, ఊడిన పట్టాలు పడియుండెడివి. రెబెకా వింటర్స్ సమాధికి గుర్తైనది అట్టి పట్టాయే.

దారిలోని మృత్యువు

వలసవారి కష్టము లనగానే రెడ్ ఇండియనుల దాడులే చాలమందికి తలపునకు వచ్చును. సినిమాలు ఆ తలపును మరింత పెంచినవి. లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. జాన్ అన్రూ అను చరిత్రకారుడు 1840 నుండి 1860 వరకు గల దినచర్యలను, పత్రికలను గాలించి, ఆ ఇరువది యేండ్లలో ఆదివాసుల చేత హతులైన వలసవారు 362 మంది యనియు, వలసవారి చేత హతులైన ఆదివాసులు 426 మంది యనియు తేల్చెను. లక్షలమంది నడచిన దారిలో ఇవి చిన్న సంఖ్యలు. దారిలో మరణించినవారు మొత్తము నూటికి నలుగురికి తక్కువ కారని అంచనాలు గలవు. అనగా మృత్యువు వేరుదారుల వచ్చినది.

నదులు దాటునప్పుడు మునిగిపోయినవారు కలరు. నిండించిన తుపాకి బండి కుదుపునకు పేలి చనిపోయినవారు కలరు. కదలుచున్న బండినుండి జారి చక్రము క్రింద పడిన పిల్లలు కలరు. 1843 జూలైలో ఆరెగాన్‌కు పోవు జట్టులోని జోయెల్ హెంబ్రీ అను ఆరేండ్ల బాలు డట్లే మరణించెను. ఆ దారిలో పేరు తెలిసిన మిక్కిలి పాత సమాధులలో అతనిది యొకటి. ఒక రాతిపలకపై పేరు చెక్కి పాతుటచే అది ఇరువదవ శతాబ్దమున తిరిగి కనబడినది.

ఆలస్యము మరియొక మృత్యువు. గడ్డి మొలచిన తరువాతగాని బయలుదేరరాదు. పర్వతములపై మంచు కురియకముందే దాటవలెను. ఈ రెంటి నడుమ లెక్క తప్పిన వారి గతి భయంకరము. 1846లో డానర్ కుటుంబముల జట్టు 1845 నాటి దారిపుస్తకములో సూచింపబడిన అడ్డదారిని నమ్మి పోయినది. ఆ అడ్డదారిని పుస్తకకర్త లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అది వ్రాయునాటికి తానే నడచి చూడలేదు. కాలము మించిపోయి జట్టు సియెరా నెవాడా పర్వతముల మంచులో చిక్కుకొనెను. 87 మందిలో దాదాపు సగముమంది ఆకలికి, చలికి ప్రాణములు విడిచిరి. పుస్తకము దారి చూపును. చూడని దానిని చూచినట్లు వ్రాసిన పుస్తకము దారి తప్పించును. 1856లో బండ్లు కొనలేని బీద మార్మనులు సామానును చేతితో లాగు రెండుచక్రముల బండ్లపై వేసుకొని బయలుదేరిరి. వారిలో ఆలస్యముగా కదలిన రెండు జట్లు మంచులో చిక్కుకొనగా 200 మందికి పైగా మరణించిరి.

అయినను వీటన్నిటిని మించిన మృత్యువు కలరా.

మహమ్మారి

తెలుగుపల్లెలలో మహమ్మారి యని, తెలంగాణమున గత్తర యని పిలువబడిన ఈ వ్యాధి పుట్టినిల్లు గంగానది ముఖద్వారము. 1817లో వంగదేశపు జెస్సూరు ప్రాంతమున ప్రబలి, సేనలతోను, వర్తకపు ఓడలతోను ప్రపంచ సంచారము మొదలిడినది. 1832లో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరెను. 1848 చివర రెండవసారి వచ్చి న్యూఆర్లియన్స్ రేవున దిగి, ఆవిరిపడవలతో మిసిసిపీ నదికి ఎదురెక్కి సెయింట్ లూయిస్ నగరమును 1849లో అల్లకల్లోలము చేసెను. అక్కడనుండి మిస్సోరీ రేవులకు, రేవులనుండి బండ్లతో ప్లాట్ నదీతీరమునకు పోయెను. వంగదేశపు పల్లె నీటిలో నుండిన రోగబీజము ముప్పదిరెండేండ్లలో భూమి కావలి వైపున గడ్డిమైదానములో గోతులు త్రవ్వించినది.

ప్లాట్ నది వెడల్పు, లోతు తక్కువ, నీరు బురద. తేటనీటికై వలసవారు ఒడ్డున ఇసుకలో చెలమలు తీసెడివారు. ఆ చెలమలకు దగ్గరనే వేలకొలది మనుష్యుల, పశువుల మలమూత్రములు. ఈ రాత్రి యొక జట్టు విడిసిన చోటనే రేపు రాత్రి మరియొక జట్టు విడియును. నిన్నటివారి చెలమనీరే నేటివారు త్రాగుదురు. ఉదయము ఆరోగ్యముగా నడచినవాడు మధ్యాహ్నము వాంతులు, భేదులతో కూలి, చీకటిపడు వేళకు శవమగుచుండెను. 1849, 1850, 1852 సంవత్సరములలో రోగము మిక్కిలి తీవ్రముగా నుండెను. 1852లో ఆ దారిన పోయినవారు సుమారు 70 వేలమంది. పర్వతముల దాపునకు చేరి చల్లని పారునీరు లభించిన తరువాత రోగము తగ్గుచుండెను. అందుచేత రోగులెల్లరు “ఇంక కొంతదూరము” అను ఆశతోనే బండిలో పడియుండిరి.

నీటివలన ఈ రోగము వచ్చునని నాటివారు ఎరుగరు. చెడుగాలి వలన యని నమ్మిరి. లండన్ నగరమున జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి పంపునీటికిని కలరాకును గల సంబంధమును చూపినది 1854లో. రెబెకా వింటర్స్ మరణించిన రెండేండ్లకు. రాబర్ట్ కాక్ కలకత్తాలో పరిశోధించి రోగక్రిమిని స్థిరపరచినది 1884లో. ఇక చికిత్స సంగతి మరింత విషాదకరము. కలరా రోగి చనిపోవునది శరీరములోని నీరు, లవణములు పోవుటచేత. మరుగకాచిన నీటిలో ఉప్పు, చక్కెర తగుపాళ్ళలో కలిపి త్రాగించినచో పెక్కుమంది బ్రతుకుదురని 1968లో ఢాకాలో జరిగిన పరీక్షలు చూపినవి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున, బన్‌గావ్‌లో, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గోనెసంచులవలె పేర్చిన పొట్లములతో ఈ ద్రావణమునే పంచి వేలమందిని కాపాడెను. నూటికి ముప్పదిమంది చనిపోవుచుండిన చోట మరణములు నూటికి నలుగురికి లోపునకు దిగినవి. ప్లాట్ నదీతీరమున చనిపోయిన వారి బండ్లలో ఉప్పు కలదు, చక్కెర కలదు, నీరు కాచుటకు పిడకల నిప్పు కలదు. మందు పోయిన ప్రాణమునకు అడుగు దూరముననే యుండెను. తెలివి మాత్రము నూరేండ్లు ఆలస్యముగా వచ్చెను.

రెబెకా వింటర్స్

రెబెకా న్యూయార్క్ రాష్ట్రమున పుట్టినది. ఆమె తండ్రి గిడియన్ బర్డిక్ అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున వాషింగ్టన్ సేనలో బాలుడుగా భేరి మ్రోగించినవాడని ఆమె సమాధిరాతిపై చెక్కబడియున్నది. ఆమె హైరమ్ వింటర్స్‌ను పెండ్లాడెను. 1833లో ఆ దంపతులు మార్మను శాఖలో చేరిరి. అప్పటినుండి ఆ సమాజముతోపాటు వారికిని నిలకడ లేకపోయెను. న్యూయార్క్ విడిచి ఒహాయో, అక్కడనుండి ఇల్లినాయి, అక్కడనుండి ఆయోవా. ఒకచోట ఇల్లు కట్టి పొయ్యి వెలిగించులోపల మరియొకచోటికి లేవవలసి వచ్చుచుండెను. ఇట్లు ఇరువదియేండ్లు గడచినవి. 1852 వేసవిలో ఆమె కుటుంబముతో కడపటి ప్రయాణమునకు లేచెను. అప్పటి కామెకు 50 ఏండ్లు. యౌవనము దాటిన తరువాత, భూమి కొరకు గాక, ఇక తరుమబడని చోటు కొరకు ఆమె నడచెను.

ప్లాట్ నదీతీరమున వారి జట్టులో కలరా ప్రవేశించెను. రెబెకా కూడ దాని పాలయ్యెను. 1852 ఆగస్టు 15వ తేదీన ఆమె కన్నుమూసెను. ఉప్పు సరస్సు లోయకు ఇంకను సగముదారికి మించి మిగిలియుండెను.

దారిలో చనిపోయినవారికి సాధారణముగా జరిగెడి సంస్కారము చూడదగినది. జట్టు ఆగరాదు, ఆగినచో గడ్డి, పిండి, కాలము మూడును తరుగును. మోకాటిలోతు గొయ్యి తీసి, దుప్పటిలో చుట్టి, మన్ను కప్పి, నాలుగు మాటలు ప్రార్థించి సాగిపోవుదురు. తోడేళ్ళు త్రవ్వకుండుటకై కొందరు దారి నడుమనే గొయ్యి తీసి, పూడ్చి, ఆపైని బండ్లను నడిపించి జాడ చెరిపివేసిరి. తల్లిని పాతిన నేలమీద కొడుకే బండి తోలవలసివచ్చెను. ప్రేమచేతనే గుర్తును చెరిపివేసిన శ్మశానము ఆ దారి.

రెబెకా విషయమున అట్లు జరుగలేదు. గోతిని సామాన్యముగా తీయుదానికంటె లోతుగా త్రవ్విరి. విడిచిన బండి పలకలను అడుగున పరచి, దుప్పట్లలో చుట్టిన శరీరమును వానిపై నుంచి, మరల పలకలు కప్పి మన్ను పోసిరి. కుటుంబమిత్రుడు విలియం రేనాల్డ్స్ దారిన దొరకిన యొక బండిపట్టాను తీసికొని, ఉలి సుత్తెలతో దానిపై అక్షరములు చెక్కెను. ఆమె పేరు, ఆమె వయస్సు 50 ఏండ్లనియు; అంతే. ఆ పట్టాను కమానువలె వంచి సమాధిపై నాటెను. మరునాడు బండ్లు కదలినవి. హైరమ్ వింటర్స్ బిడ్డలతో ముందుకు సాగి యూటా చేరి అక్కడ స్థిరపడెను.

కొయ్యపలకమీద వ్రాసినది రెండు వర్షములకు చెడును. అడవిదున్న పుర్రెమీద బొగ్గుతో వ్రాసినది ఒక వర్షమునకే పోవును. ఇనుముమీద చెక్కుటకు చేయి నొచ్చును, కాలము పట్టును. చీకటిపడినంతనే ఒడలు వాల్చవలసిన అలసటలో, తెల్లవారినంతనే మరల నడువవలసిన నిర్బంధములో, ఆ మిత్రుడు ఆ శ్రమ కోర్చెను. ఆ సమాధి మిగులుటకు మూలము ఆ కొన్ని గంటల పని.

రైలుదారి వద్ద

1869 మే 10వ తేదీన యూటాలో తూర్పు పడమటి రైలుదారులు కలిసినవి. నాలుగైదు నెలల దారి వారములో ముగియసాగెను. బండిబాటపై గడ్డి మొలచెను. నెబ్రాస్కా మైదానములు పొలములైనవి. రెబెకా సమాధిపై నాటిన పట్టా మాత్రము ఎండకు, మంచుకు తుప్పుపట్టుచు అట్లే నిలచియుండెను.

1899లో బర్లింగ్‌టన్ రైల్వేవారు నార్త్ ప్లాట్ లోయలో కొత్తదారి కొలచుచుండగా వారి సర్వేవారికి గడ్డిలో ఒక ఇనుపపట్టా కనబడెను. దానిపై పేరు చదివిరి. దారి గీత ఆ సమాధిమీదుగానే పోవుచుండుటచే రైల్వేవారు గీతను కొంత ప్రక్కకు జరిపిరని ఆ ప్రాంతమువారు తరతరములుగా గౌరవముతో చెప్పుకొందురు. సమాధి సంగతి సాల్ట్‌లేక్ నగరపు పత్రికకెక్కినది. అది చదివి యూటాలోని ఆమె మనుమలు, మనుమరాండ్రు తమ పితామహి సమాధి దొరకెనని తెలిసికొనిరి. దారిలో పాతివచ్చిన చోటు మరల కనబడునని వారు అనుకొనియుండలేదు. 1902లో ఆమె వంశీయు లొక రాతిస్తంభమును అక్కడ నిలిపిరి. పాత పట్టాను మాత్రము తీయలేదు.

రైలుబండ్లు పెరిగినకొలది మరియొక చిక్కు వచ్చెను. సమాధిని చూడవచ్చువారు పట్టాల దాపుననే నడువవలసివచ్చి ప్రమాదమునకు దగ్గరైరి. అందుచేత 1995లో పురావస్తు శాస్త్రజ్ఞుల చేత గొయ్యి జాగ్రత్తగా త్రవ్వించి, వంశీయుల సమక్షమున ఆమె అస్థికలను రైలుదారికి కొంత దూరమున కొత్తచోట మరల ఖననము చేసిరి. మొదటి ఖననము నాడు బంధువులకు నిలచి ఏడ్చుటకు తీరిక లేదు. 143 ఏండ్లకు జరిగిన రెండవ ఖననమునకు వారి సంతతి తీరికగా నిలచినది. తుప్పుపట్టిన పట్టాను కూడ కొత్తసమాధి కడ నిలిపిరి. అక్షరములు నేటికిని చదువనగును.

పేరులేనివారు

ఈ కథలో ఇంకొక పక్షము కలదు. ఆ మైదానములు ఖాళీనేలలు కావు. పానీ, లకోటా, షయెన్ జాతులవారు అక్కడ తరతరములుగా అడవిదున్నల మందల నాశ్రయించి బ్రతుకుచుండిరి. ఏటేట వేలబండ్లు సాగుటచే నదీతీరపు గడ్డి, కొద్దిపాటి చెట్లు హరించినవి. దున్నలు దూరముగా తొలగిపోయినవి. వలసవారి వెంట వచ్చిన కలరా 1849లో పానీలలో నాలుగవవంతు వరకు, దక్షిణపు షయెన్ తెగలలో దాదాపు సగమువరకు పొట్టను పెట్టుకొనెను. వలసవారు త్రాగిన చెలమలనీరే వారును త్రాగిరి. వారు వలసపోలేదు, ఇంటనుండియే చనిపోయిరి.

1851 సెప్టెంబరులో, అనగా రెబెకా మరణమునకు సంవత్సరము ముందు, ఆ సమాధిచోటికి ఎంతో దూరముకాని హార్స్ క్రీక్ ఒడ్డున సుమారు పదివేలమంది ఆదివాసులు సమావేశమై అమెరికా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనిరి. బండ్లకు దారి విడుతుమని వారు మాట యిచ్చిరి. ప్రతిఫలముగా 50 ఏండ్లపాటు ఏటేట 50 వేల డాలర్ల విలువగల సరకు లిత్తుమని ప్రభుత్వప్రతినిధులు మాట యిచ్చిరి. తరువాత సెనేటు 50 ఏండ్లను 10 ఏండ్లకు కుదించెను. ఆ మీది నలువదియేండ్ల చరిత్ర యుద్ధములు, కరవులు, నిర్బంధ నివాసములు. 1849లో కలరాకు బలియైన షయెన్ తల్లులలో ఒక్కరి పేరును ఏ ఇనుపముక్కమీదను లేదు. రెబెకాకు పేరు చెక్కిన వానివంటి మిత్రులు వారికి లేరని కాదు. పేరు చెక్కుటకు కూడ ఎవ్వరు మిగులని ఊళ్ళు అవి.

ఈ విషయము చెప్పుట రెబెకా వింటర్స్ కష్టమును తక్కువ చేయుటకు గాదు. ఆమెయు తరుమబడినదే. తరుమబడినవారు పోవు దారి మరియొకరిని తరుముట చరిత్రలో తరచుగా కనబడు విషాదము. ఆ పట్టామీది ఒక్క పేరు చదువునప్పుడు, చెరిగిపోయిన వేలపేర్లు, ఇరుపక్షములవియు, దాని వెనుక నున్నవని తలచుకొన్నపుడే ఆ సమాధికి తగిన మర్యాద జరుగును.

తెలుగుపల్లెలలో అడవి కొట్టి, మెరక దీసి, మొదట నేలను సాగులోనికి తెచ్చినవారు వలసవచ్చిన వారే. ఊరు కట్టిన నాడు నాటిన బొడ్రాయికి నేటికిని పసుపు కుంకుమలు పడుచున్నవి. కాని ఆ తొలినాళ్ళలో మన్యపుజ్వరమునకు, పాముకాటునకు, కాన్పునకు, గత్తరకు బలియైన వారి పేర్లు ఆ రాతిపై లేవు. కొన్ని ఇండ్లలో ముదుసలుల నోట మాత్రము ఒకటి రెండు పేర్లు ఇంకను నిలచియుండవచ్చును. ప్లాట్ నదీతీరమున ఒక మిత్రుని ఉలి చేసిన పనిని పల్లెలో ఒక కలము, ఒక నోటుపుస్తకము చేయగలవు. ఆ పుస్తకము నుంచుటకు గ్రంథాలయపు అలమరకంటె తగిన చోటు వేరొకటి లేదు. విలియం రేనాల్డ్స్ వ్రాసినది రెండు మాటలే. అదియు మరునాటి ఉదయము బండ్లు కదలకముందే వ్రాసెను.